ఆకాను డేరాయు, మన కంప్యూటరును

ధ్యాన భాగములు: యెహోషువ 7వ అధ్యాయము; 2 సమూయేలు 24:18–25



2022 ఏప్రిల్ నెలలో మదురైలో ఒక కుటుంబ కూడికకు నన్ను పిలిచారు. వాక్య పరిచర్య ముగిసి అందరము టీ కొరకు లేవబోవుచుండగా ఒక తల్లి నిలబడి అడిగినది: “మాస్టారూ, మా వాడు కంప్యూటరులో కార్లు దొంగిలించే ఆట ఆడుతున్నాడండీ. పోలీసులను కాలుస్తాడు, రోడ్డు మీద పోయేవాళ్లను గుద్దేస్తాడు. ఇది పాపమా కాదా, మీరే చెప్పండి.” నేను ఫిలిప్పీ పత్రిక నాలుగవ అధ్యాయము చూపించి, మంచివాటి మీద మనస్సు నిలుపుట ఎంత అవసరమో రెండు మాటలు చెప్పాను. అందరూ తల ఊపారు. టీ వచ్చినది. జవాబు చెప్పేశాననుకొని ఆరప్పాళయములో కోయంబత్తూరు బస్సెక్కాను.

ఆ తల్లిని నేను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ ఆట మీ ఇంటికి ఎట్లు వచ్చినదమ్మా? అది నేను అడగలేదు. ఒక నెల తిరగకముందే ఆ ప్రశ్న మా సంఘములోనే వచ్చి కూర్చున్నది.

మా సంఘపు ఆఫీసు గదిలో ఒక కంప్యూటరు ఉన్నది. బాప్తిస్మముల రిజిస్టరు, వివాహముల రిజిస్టరు, సమాధుల జాబితా, చందాల లెక్క, ఈ పత్రికకు మేము పంపే వార్తలు అన్నియు అందులోనే ఉండేవి. నాయక రాజుల కాలములో వచ్చిన కుటుంబములు, మిల్లుల కాలములో వచ్చిన కుటుంబములు, రైల్వే ఉద్యోగముల మీద వచ్చినవారు, అందరి పేర్లును ఆ చేతివ్రాత పుస్తకములలో ఉన్నవి. ఇద్దరు అక్కలు రెండు సంవత్సరములు సాయంకాలములు కూర్చుని వాటిని కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ వేసవిలో సెలవుల బైబిలు పాఠశాల పాటలు టైపు చేయుటకు తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఒకనికి గది తాళము ఇచ్చాము. పాటలు తెలుగువే గాని అక్షరములు ఇంగ్లీషువి. మన పిల్లల సంగతి మీకు తెలిసినదే. ఆ బాలుడు బుద్ధిమంతుడు. వాని అనుమతితోను, వాని తల్లిదండ్రుల అనుమతితోను ఇది వ్రాయుచున్నాను. పేరు వ్రాయను, మీరును అడగవద్దు.

ఒక సాయంకాలము పాటల పని ముగించి వాడు ఇంటర్నెట్టు నుండి ఒక పాత ఆట దింపుకొన్నాడు. దాని పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ. 2002లో పుట్టిన ఆట. కంప్యూటరుకు 2003లో రెండు సీడీలలో వచ్చినది. ఇప్పుడు ముప్పది దాటిన మన కుమారులలో చాలామంది బ్రౌజింగు సెంటర్లలో గంట లెక్కన డబ్బిచ్చి ఆడినది ఇదే. అడిగి చూడండి, నవ్వి ఊరకుంటారు. 1986 నాటి మయామీని పోలిన ఊరు అది. పదిహేను సంవత్సరములు జైలులో ఉండి బయటికి వచ్చిన టామీ వెర్సెటీ అనువాడు హత్యలు, దోపిడీలు, మత్తు వ్యాపారము చేసి ఆ ఊరికి దొర అగును. 2004లో వచ్చిన సాన్ ఆండ్రియాస్ దీని తమ్ముడు. మ్యాక్స్ పేన్, మాఫియా అను ఆటలును ఆ కాలపువే. గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనగా అమెరికాలో వాహనపు దొంగతనమునకు పేరు.

వాడు దింపినది అసలు ఆట కాదు. ‘హైలీ కంప్రెస్డ్’ అని పేరు పెట్టిన ఒక మూట. రెండు సీడీల ఆటను రెండు మూడు వందల ఎంబీలలో ఇచ్చెదమని, ఒక డీవీడీ నిండా ఉండే సాన్ ఆండ్రియాస్‌ను సైతము అట్లే కుదించి ఇచ్చెదమని ఆశ చూపెడివారు చాలామంది ఉన్నారు. పాత కంప్యూటరు, కొద్దిపాటి డేటా ఉన్న పిల్లవానికి అది పెద్ద ఆశయే.

పంతులు బుద్ధి పోదు గనుక, ఈ కుదింపు ఏమిటో నేను కూర్చుని నేర్చుకొన్నాను. మీకును చెప్పుట మంచిది. పెళ్లికి మనము శుభాకాంక్షల తంతి పంపిన దినములు పెద్దలకు జ్ఞాపకము ఉండును. పోస్టాఫీసు గోడ మీద వాక్యముల పట్టిక, ఒక్కొక్క వాక్యమునకు ఒక అంకె. మనము అంకె ఇస్తాము, తీగ మీద అంకె పోతుంది, అవతలి గుమాస్తా పూర్తి వాక్యము వ్రాసి ఇంటికి పంపును. ఒక్క అక్షరము కూడ పోదు. 2013 జూలైలో ఆ సేవ ముగిసినది గాని జిప్, రార్ అను మూటలు చేయుచున్నది ఇంచుమించు ఆ పనియే. ఇది నిజాయితీగల కుదింపు. రెండవది మనము ఆరాధనలో చేసే కుదింపు: సమయాభావము వలన మొదటి చరణము, చివరి చరణము పాడుదము అని. పాట చిన్నదైనది, కాని నడుమ చరణములు ఇక రావు. ఆటలో నుండి రేడియో పాటలు తీసివేసి, నడుమ వచ్చే దృశ్యములు కత్తిరించి, మిగిలినది ఇస్తారు. పాటలు, చిత్రములు మునుపే కుదించబడి ఉండును గనుక వాటిని ఎంత నొక్కినను మరి కొంచెమే తగ్గును. అందుచేత డీవీడీ నిండా ఉన్నది ఏమియు పోకుండ చిన్న మూటలో ఇచ్చితిమని ఎవడైన చెప్పిన యెడల అది మూడవ రకము. అది అబద్ధము. లోపల వేరొకటి ఉన్నది.

మా వాని మూటలో ఆటతోపాటు ఒక చిన్న కాగితము ఉన్నది. విప్పుటకు ముందు యాంటీవైరసును ఆపివేయవలెనని అందులో వ్రాసి ఉన్నది. వాచ్‌మనును ఇంటికి పంపి గేటు తీసిపెట్టమని చెప్పినవాడు చుట్టమా, దొంగయా? పెద్దలము మనము తెలిసికొందుము; పదునాలుగేండ్లవాడు తెలిసికొనలేదు. ఆపివేశాడు. ఆట వచ్చినది, అరగంట ఆడాడు కూడ. మరునాడు ఉదయము మా ఫైళ్లలో ఒక్కటియు తెరచుకొనలేదు. ప్రతి ఫోల్డరులో ఒక ఉత్తరము. 490 డాలర్లు ఇచ్చిన యెడల తాళపుచెవి ఇచ్చెదమని, 72 గంటలు దాటిన యెడల అది రెట్టింపని. మన డబ్బులో దాదాపు 38 వేల రూపాయలు.

ఇది మాకొక్కరికే తగిలినది కాదు. 2021 జూన్‌లో అవాస్ట్ అను సంస్థ బయటపెట్టిన సంగతి ఒకటి ఉన్నది. ఈ ఆటల వరుసలోని అయిదవదానితో సహా అనేక ఆటల దొంగ ప్రతులలో క్రాకొనోష్ అను దుష్ట ప్రోగ్రామును దాచి పెట్టారు. అది కాపలా ప్రోగ్రాములను తానే తీసివేసి, యజమానికి తెలియకుండ ఆ యంత్రము చేత మొనేరో అను డిజిటల్ నాణెములు సంపాదింపజేసినది. 2,22,000 కంటె ఎక్కువ కంప్యూటర్లకు అది సోకినది. ఉచితముగా ఆట దొరికెనని సంతోషించినవారి ఇంటి కరెంటుతో ఎవడో లక్షల డాలర్లు కూడబెట్టుకొన్నాడు.

ఆదివారము ఆరాధన తరువాత పెద్దలము, డీకనులము కూర్చున్నాము. బాలుడు తండ్రి ప్రక్కన నిలబడి ఉన్నాడు. ఒకరు వానిని సెలవుల పాఠశాల నుండి తీసివేయవలెనన్నారు. మరియొకరు ఇటువంటి ఆటల వల్లనే పిల్లలు చెడిపోవుచున్నారని తుపాకుల సంగతి ఎత్తారు. నేను ఆకాను కథ చెప్పవలెనని యెహోషువ గ్రంథము తెరచి మోకాళ్లమీద పెట్టుకొన్నాను. వాని తప్పు వానికి అర్థము కావలెనని నా ఉద్దేశము. అప్పుడు గాంధీపురము నుండి వచ్చిన మెకానిక్కు లోపలి గదిలోనుండి వచ్చాడు. అతడు మన విశ్వాసి కాడు, తమిళుడు. మాతో ఉండి కొంత తెలుగు పట్టుబడినది. “సార్, ఫైళ్లు ఇక రావు. మొత్తం తుడిచి మళ్లీ వెయ్యాలి. ఇప్పుడున్న విండోస్ కూడా డూప్లికేటే సార్. మళ్లీ అదే వెయ్యమంటారా, ఒరిజినల్ కొంటారా?” అని అడిగాడు.

ఎవరును మాట్లాడలేదు. అతడు పాపము మా మౌనము అర్థము కాక, పేజీలు పెట్టే సాఫ్టువేరు కూడ అంతే అన్నాడు, తెలుగు అక్షరముల ప్రోగ్రాము కూడ అంతే అన్నాడు.

సహోదరులారా, ఆ కంప్యూటరును 2016లో కొన్నది నేనే. నాకు తెలియదని చెప్పలేను. బిల్లులో యంత్రమునకు ధర ఉన్నది, తెరకు ధర ఉన్నది, లోపలివాటికి ధర లేదు. ఆ బిల్లు మీద సంతకము నాది. అమ్మినతడు “అన్నీ వేసిచ్చాను సార్” అన్నప్పుడు నేను అతనికి కృతజ్ఞత చెప్పి వచ్చాను. ఎనిమిదవ ఆజ్ఞ మీద ఈ పత్రికకే నేను ఒక వ్యాసము పంపాను. అది కూడ ఆ దొంగ అక్షరములతో టైపు చేసినదే. బాలుడు తల ఎత్తి నావైపు చూశాడు. ఎగతాళిగా చూడలేదు, భయముతో చూశాడు. నా ఒడిలో బైబిలు ఆకాను దగ్గర తెరచియే ఉన్నది.

ఆ అధ్యాయమును అప్పటికి ఎన్నిసార్లు బోధించితినో నాకు లెక్క లేదు. ఆ సాయంకాలము మరల చదివినప్పుడు 21వ వచనము నన్ను ఆపినది. ఆకాను తన తప్పును ఒక వరుసలో చెప్పుకొన్నాడు: చూచుట, ఆశించుట, తీసికొనుట, దాచుట. షీనారు పైవస్త్రము ఒకటి, రెండువందల తులముల వెండి, ఏబది తులముల బంగారు కమ్మి. అంతటి వస్త్రమును మడత పెట్టక నేలలో ఎట్లు దాచగలడు? చిన్న మూటగా చేసి డేరా మధ్య పాతిపెట్టి, వెండిని దాని అడుగున పెట్టాడు. డేరా పైకి అన్ని డేరాలవలెనే ఉన్నది. దాని ఫలితము ఎవరి మీద పడినది? హాయి పట్టణము ఎదుట ముప్పది ఆరుగురు చనిపోయారు. వారిలో ఒక్కడైనను ఆ వస్త్రమును చూచి ఉండడు. మా రిజిస్టరులో పేర్లున్న ముసలివారిలో కూడ చాలామంది కంప్యూటరు అనగా ఏమిటో ఎరుగకుండ ప్రభువునందు నిద్రించినవారే.

తరువాత యెహోషువ చేసినది గమనించండి. గోత్రము, ఆ గోత్రములో వంశము, వంశములో కుటుంబము, కుటుంబములో మనిషి. ఒక్కొక్క మెట్టు దగ్గరకు వచ్చి ఆకాను దగ్గర ఆగినది. మేము మొదటి మెట్టులోనే పిల్లవానిని పట్టుకొని విచారణ అయిపోయినదనుకొన్నాము. చీటి ఇంకను తిరుగుచునే ఉన్నదని మెకానిక్కు వచ్చి చెప్పవలసి వచ్చినది.

ఈ తమిళనాడులో మనకు ఒక మాట బాగుగా తెలుసు: తిరుట్టు వీసీడీ. దొంగ సినిమా డిస్కును ఇక్కడివారు మొదటి నుండి దొంగ అనియే పిలిచారు. 2004లో ప్రభుత్వము గూండాల చట్టములో వీడియో దొంగలను కూడ చేర్చినది. అయినను ఆ పేరుతోనే అడిగి కొని ఇంటికి తెచ్చుకొన్నవారు మనలో లేరా? అప్పుడు కనీసము పేరైనను నిజము చెప్పెడిది. ఇప్పుడు ఆ మాట కూడ పోయినది. ఫుల్ వెర్షన్, ఫ్రీ, కంప్రెస్డ్. ఈ మూడు మాటలలో దొంగ అను మాట ఎక్కడను లేదు. కోయంబత్తూరులో పంపుసెట్టుకు డూప్లికేటు బేరింగు వేసినవానిని మనము ఊరంతా తిట్టెదము. మోటారు ఎంత కాలము నిలుచునో, ఎవని పేరు చెడునో మనకు తెలుసు, ఎందుకనగా ఆ పనిలో మన చేతులే ఉన్నవి. ఆట వ్రాసినవాని చేతులు మనకు కనబడవు. స్కాట్లాండులో ఎడిన్‌బరోలో కూర్చుని ఆ వైస్ సిటీని చేసినవారు కూడ నెల జీతగాండ్రే.

మన దేశపు చట్టము కూడ ఈ విషయములో స్పష్టముగా ఉన్నది. 1957 కాపీరైటు చట్టము 63బి సెక్షను ప్రకారము, దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడుకొన్నవానికి ఏడు దినముల నుండి మూడు సంవత్సరముల వరకు జైలు, ఏబది వేల నుండి రెండు లక్షల వరకు జరిమానా. లాభము కొరకు గాక వాడిన యెడల న్యాయస్థానము జైలు వేయక ఏబది వేల లోపు జరిమానాతో విడువవచ్చును. మన మీద ఎవరును కేసు పెట్టరని నాకును తెలుసు. ఆకాను డేరా మీద కూడ ఎవరును ఫిర్యాదు ఇవ్వలేదు.

యౌవనస్థులు నాతో కొన్ని వాదములు చేశారు, అవి తీసివేయదగినవి కావు. ఇది పాత ఆట గదా, ఇప్పుడు అమ్మబడనిది తీసికొన్న ఎవరికి నష్టము అన్నారు. నిజమే, 2021 నవంబరులో కొత్త రూపము రాకముందే పాత ఆటలను అమ్మకములోనుండి తీసివేశారు. కొనువారు నొచ్చుకొనగా మరల ఇవ్వవలసి వచ్చినది. పాతబడినంత మాత్రమున యజమాని లేకుండ పోడు. కంప్యూటరు నేర్చుకొనుటకే దింపుచున్నామని మరియొకడు అన్నాడు. మన కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు కొని, దానిని పూర్తిగా విప్పి మరల బిగించి నేర్చుకొన్నారు. విప్పుటకు ముందు కొన్నారు, అది మరువవద్దు.

మూడవ వాదము మాత్రము నన్ను చాలా దినములు బాధించినది. “తాతగారూ, మా నాన్న జీతములో ఆట కొనమని ఎట్లా అడగను?” అని వాడు అన్నాడు. దీనికి కోపముతో జవాబు చెప్పరాదు. రూతు పేదది. పొలములో పరిగె ఏరుకొనుటకు ఆమెకు ధర్మశాస్త్రమే హక్కు ఇచ్చినది, యజమాని అంచులు కోయకుండ విడువవలెనని. అయినను ఆమె ముందు అడిగి ఏరుకొన్నది, రూతు 2:7 చూడండి. కంప్యూటరు లోకములో కూడ అట్లు అంచులు విడిచిన యజమానులు ఉన్నారని నాకు అప్పుడే తెలిసినది. లైనక్స్ ఉన్నది, లిబ్రె ఆఫీసు ఉన్నది. పోతన, వేమన అను పేర్లతో తెలుగు అక్షరములను చేసి అందరికి ఉచితముగా ఇచ్చిన పెద్దమనిషి ఉన్నారు. ఆటలలో కూడ సూపర్ టక్స్ కార్ట్ అను కార్ల పందెము ఉన్నది. దానిని చేసినవారే తీసికొనుడని ఇచ్చారు. మా వానికి అది వైస్ సిటీ అంత రుచిగా లేదు, ఆ సంగతి దాచుట ఎందుకు?

దావీదు సంగతి కూడ చూడుడి. దేశము మీద తెగులు ఉన్నది, బలిపీఠము త్వరగా కట్టవలెను. అరౌనా తన కళ్లమును, ఎద్దులను, కట్టెలను ఊరకనే ఇచ్చెదనన్నాడు. అది దొంగ సొత్తు కూడ కాదు. యజమాని మనఃపూర్వకముగా ఇచ్చుచున్నాడు. అయినను తనకు ఖర్చు కాని దానిని దేవునికి అర్పించుటకు దావీదు ఒప్పుకొనలేదు. ఏబది తులముల వెండి తూచి ఇచ్చాడు. మేము సంఘపు పని అని, దేవుని పని అని చెప్పి, యజమాని ఇవ్వని దానిని తీసికొని, అందులో ఆయన వాక్యము టైపు చేశాము. ఈ రెంటి మధ్య దూరము నేను కొలువలేను.

ఆ రోజు తీర్మానము నేనే పెట్టాను. డబ్బు ఇచ్చి తాళపుచెవి కొనరాదని, దొంగవి అన్నియు తుడిచివేయవలెనని, ఇకమీదట కొన్నవి గాని యజమానులు విడిచినవి గాని మాత్రమే వేయవలెనని, నేను సంఘము ఎదుట నిలిచి బిల్లు సంగతి చెప్పవలెనని. చివరిది ఒకరిద్దరు వద్దన్నారు, పెద్దవారికి తక్కువ అన్నారు. తరువాతి ఆదివారము చెప్పాను. బాలుని సంగతి ఎవరును ఎత్తలేదు. ఆకాను చచ్చిన ఆకోరు లోయను హోషేయ 2:15లో దేవుడు నిరీక్షణకు ద్వారముగా చేసెదనని సెలవిచ్చాడు. ఆ మాట ఆ రోజు నాకు చాలా అవసరమైనది.

చేతివ్రాత పుస్తకములు బీరువాలో ఉన్నవి గనుక బ్రతికాము. ఎక్కించిన అక్కలలో ఒకరికి ఇప్పుడు చూపు సరిగా లేదు. బాలుడు తానే చేసెదనన్నాడు. చేయగలడా, తెలుగు అక్షరములు రావే! శనివారములు నేను చదువుచు, వాడు టైపు చేయుచు మొదలుపెట్టాము. కొన్ని నెలలలో వాడే చదువసాగాడు. ఒకనాడు సమాధుల పుస్తకములో వేలు పెట్టి, “తాతగారూ, ఇంతమంది నిద్రపోయారేమిటి?” అన్నాడు. నవ్వాపుకొని అర్థము చెప్పాను. 2023 క్రిస్మసు నాటికి 1974 వరకు వచ్చాము.

మదురై తల్లికి నేను బాకీ ఉన్న ప్రశ్నను ఫోనులో అడిగాను. ముందుగా, ఆ ఆట పదునెనిమిది నిండనివారికి కాదని దానిని చేసిన దేశములోనే ముద్ర వేశారమ్మా, మీ భయము న్యాయమైనదే అని చెప్పాను. ఆటలో దొంగిలించిన కారు ఎవరిదియు కాదు గాని, ఆట మాత్రము ఎవరిదో ఒకరిది అని చెప్పి, అది మీ ఇంటికి ఎట్లు వచ్చినదమ్మా అని అడిగాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “మా వారే పెన్ డ్రైవులో తెచ్చి పెట్టారండీ, ఆఫీసులో ఎవరో ఇచ్చారట” అన్నది.

“ఇంట్లో ఉన్నారా? ఒకసారి ఫోను ఆయనకు ఇవ్వమ్మా” అన్నాను.